హ్యాండోవర్‌లో సరిగా వినపడదని చెబితే ఉద్యోగానికి ముప్పా? ఎన్‌హెచ్‌ఎస్‌లో (బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవలో) ఉన్నవాళ్ళు చెప్పండి

మంజీర తీరం
ఇంగ్లండులో ఒక జిల్లా ఆసుపత్రిలో, వృద్ధుల వార్డులో బ్యాండ్ 5 (మొదటి మెట్టు) నర్సును. హైదరాబాదులో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చాను. చిన్నప్పుడు చీము పట్టి ఎడమ చెవి దాదాపుగా పోయింది. కుడి చెవి శుభ్రంగా పనిచేస్తుంది కాబట్టి చదువుకు గానీ ఉద్యోగానికి గానీ ఎప్పుడూ అడ్డం రాలేదు. ఇక్కడికి వచ్చాకే తిప్పలు మొదలయ్యాయి. హ్యాండోవర్, అంటే డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించడం, వార్డు మధ్యలో నిలబడి చేస్తారు. పైన ఫ్యాను, పక్కన కాల్ బెల్లు, సగం మందికి మాస్కులు. చెప్పేవాళ్ళు నా ఎడమ పక్కన నిలబడితే సగమే అందుతుంది.

పోయిన నెల రాత్రి డ్యూటీలో 15వ పడక ఆయనకు నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని చెప్పారు. నాకు 16 అని వినపడింది. తెల్లవారి టీ బండి వచ్చినప్పుడు సహాయకురాలు చూసి ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు. డేటిక్స్‌లో (పొరపాట్లు నమోదు చేసే కంప్యూటరు వ్యవస్థలో) నేనే నమోదు చేశాను. వారం తిరగకముందే మేనేజరు నుంచి ఉత్తరం. నా 'కమ్యూనికేషన్', ఇంగ్లిషు అర్థం చేసుకునే శక్తి తృప్తికరంగా లేవట. ఇంగ్లిషు క్లాసులకు వెళ్ళాలట. క్యాపబిలిటీ కింద, అంటే పని సామర్థ్యం చాలదనే విచారణ కింద, మొదటి సమావేశానికి రావాలట. వైద్యరంగం వాళ్ళ ఇంగ్లిషు పరీక్ష ఓఈటీలో లిజనింగ్ మంచి గ్రేడుతో దాటినదాన్ని! హెడ్‌ఫోన్లు పెట్టుకుని రాసే పరీక్ష, అక్కడ నాకేం ఇబ్బంది?

చెవి సంగతి చెప్పాలా వద్దా? చేరేటప్పుడు ఆరోగ్య ఫారంలో 'ఏమీ లేవు' అని రాశాను. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు దాచావంటారేమో. మా ఆయన మాత్రం 'కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, మాట్లాడకుండా ఆ క్లాసులకు వెళ్ళు, వీసా వాళ్ళ చేతిలో ఉంది' అంటున్నారు.

ఉల్లిపెసరట్టు
మా వార్డు మేనేజరుది గ్లాస్గో. ఆయన మాట్లాడేది ఇంగ్లిషేనని మేము నమ్మకం మీద ఒప్పుకున్నాం. లండను డాక్టర్లు కూడా నవ్వి తల ఊపి పక్కకు వచ్చి 'ఏమన్నాడు?' అని మమ్మల్ని అడుగుతారు. ఆయన్ను ఇప్పటిదాకా ఏ క్లాసుకూ పంపలేదు.

నల్లరేగడి
చెప్పకండి. మీ ఆయన మాట వినండి. నేను ట్రస్ట్ గ్రేడ్ డాక్టరును, మూడు ఆసుపత్రులు చూశాను. గోడల మీద పోస్టర్లు, మెడలో ఇంద్రధనుస్సు తాళ్ళు, ఏడాదికోసారి సమోసాలతో వైవిధ్య వారోత్సవం, అన్నీ ఉంటాయి. వాళ్ళ లెక్కలే చూడండి. ఎన్‌హెచ్‌ఎస్‌ ఉద్యోగుల లెక్కలు జాతుల వారీగా తీసేదే డబ్ల్యూఆర్‌ఈఎస్. 2023 డబ్ల్యూఆర్‌ఈఎస్ నివేదిక ప్రకారం ఇంటర్వ్యూకు ఎంపికైనవాళ్ళలో తెల్లవాళ్ళకు ఉద్యోగం దొరికే అవకాశం మనలాంటి తెల్లవాళ్ళు కానివాళ్ళకంటే 1.59 రెట్లు. ఇప్పటికే మీ మీద 'ఇంగ్లిషు రాదు' అని ఒక ముద్ర పడింది. దాని పక్కన 'చెవిటి' అని రెండోది మీరే వేయించుకుంటారా?

రేణిగుంట జంక్షన్
నల్లరేగడి గారు చెప్పిన అంకె నిజం. సలహా మాత్రం ప్రమాదం. నేను నర్సును, యూనియన్ ప్రతినిధిని కూడా. మంజీర గారూ, సమావేశానికి ముందే చెప్పండి. నోటితో కాదు, ఈమెయిల్లో.

2010 సమానత్వ చట్టం ప్రకారం పనిచోట 'సహేతుకమైన సర్దుబాట్లు' చేయవలసిన బాధ్యత యజమానిది. కానీ మీకు ఇబ్బంది ఉందని వాళ్ళకు తెలిసినప్పుడు, లేదా తెలిసి ఉండవలసినప్పుడు మాత్రమే ఆ బాధ్యత మొదలవుతుంది. మీరు నోరు విప్పకుండా క్లాసులకు వెళ్ళి, రెండు నెలల తరువాత ఇంకో పడక నంబరు తప్పు వింటే అప్పుడు ఫైలులో ఏముంటుంది? 'శిక్షణ ఇచ్చినా మెరుగుపడలేదు' అని ఉంటుంది. ఆ వాక్యం తరువాత మిమ్మల్ని కాపాడటం నా తరం కాదు.

వీసా సంగతి. వైకల్యం ఉందని చెప్పినందుకు స్పాన్సర్‌షిప్ తీసేసే నిబంధన ఏదీ లేదు. వీసా మీద ఉన్నవాళ్ళకూ ఆ చట్టం వర్తిస్తుంది. అసలు ముప్పు క్యాపబిలిటీలో ఉద్యోగం పోవడం. అది పోతేనే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులు మిగులుతాయి. అంటే వీసా కోసం దాచడం వల్లే వీసా పోయే దారి తెరుచుకుంటుంది.

ఫారం విషయం తేలిక కాదు, తేలికని చెప్పను. కానీ 'ఆ రోజుకు నా పనికి అడ్డం వచ్చే సమస్యగా నాకు ఎప్పుడూ అనుభవం కాలేదు' అన్నది మీ విషయంలో నిజమే కదా. ఆ నిజాన్నే రాయండి. పంపే ముందు మీ యూనియన్‌కు చూపించండి. ఇంకా చేరకపోతే ఈ రోజే చేరండి. కొన్ని యూనియన్లు చేరకముందు మొదలైన గొడవలకు అండగా రావు. అది కూడా అడిగి తెలుసుకోండి.

మంజీర తీరం
యూనియన్‌లో ఉన్నాను, వచ్చిన కొత్తలోనే చేరాను. కానీ ఒక అనుమానం. నేను 'వికలాంగుల' కిందికి ఎలా వస్తాను? ఊళ్ళో నాన్న ఒకసారి సదరం క్యాంపుకు తీసుకెళ్తే ఒక చెవే కదా, రాదు పొమ్మన్నారు. సర్టిఫికెట్ లేదు, శాతం లేదు. ఇక్కడ ఆ గడిలో టిక్కు పెడితే అబద్ధం అవదా?

సదరం క్యూలో
ఆహా, నా మాట వచ్చింది. గుంటూరు జిల్లా నుంచి రాస్తున్నాను. ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. కుడి కాలు పోలియో. మన దగ్గర 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. అన్నిటికీ 40 శాతం గీత. వినికిడికి రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ పోవాలి. ఒక చెవి ఎంత పోయినా మీరు గీతకు ఇవతలే. మీకు రాదు పొమ్మన్నవాళ్ళు చట్టం ప్రకారమే అన్నారు.

నా సర్టిఫికెట్ రెన్యూ చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు రెండో అంతస్తుకు రమ్మన్నారు. లిఫ్టు లేదు. మెట్లెక్కి వస్తే 'ఎక్కగలిగారుగా' అన్నారు.

ఉల్లిపెసరట్టు
ఎక్కలేకపోతే 'రాలేదు కాబట్టి గైర్హాజరు' అని రాసేవారు. ముందు నుయ్యి, వెనుక రెండో అంతస్తు.

రేణిగుంట జంక్షన్
మంజీర గారి సందేహం ఇక్కడి మనవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి ఉంటుంది. ఇక్కడ శాతాలు లేవు, సర్టిఫికెట్ లేదు, క్యాంపు లేదు. శారీరకంగానో మానసికంగానో ఒక లోపం ఉండాలి. అది పన్నెండు నెలలు ఉన్నదైనా, ఉండబోయేదైనా కావాలి. రోజువారీ పనులకు చెప్పుకోదగ్గ ఆటంకం కలిగించాలి. అంతే. కాన్సర్, హెచ్‌ఐవీ, మల్టిపుల్ స్క్లిరోసిస్ అయితే నిర్ధారణ అయిన రోజు నుంచే లెక్క. మందులతో, యంత్రాలతో అదుపులో ఉన్నా, అవి లేకపోతే ఎలా ఉంటుందో చూడమంటుంది చట్టం. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, మైగ్రేన్‌తో నెలకు నాలుగు రోజులు చీకటి గదిలో పడుకునేవాళ్ళు, డిస్లెక్సియా ఉన్నవాళ్ళు చాలామంది దీని కిందికి వస్తారు. సందడిలో మాట వినపడకపోవడం రోజువారీ ఆటంకం కాకపోతే మరేమిటి?

అందుకే ఈ తేడా చూడండి. డబ్ల్యూడీఈఎస్ అని 2019 నుంచి వైకల్యం ఉన్న ఉద్యోగుల లెక్కలు తీస్తున్నారు. 2023లో ఉద్యోగుల రికార్డులో 'నాకు వైకల్యం ఉంది' అని నమోదైనవాళ్ళు నూటికి 5 మంది లోపు. పేరు చెప్పనక్కరలేని స్టాఫ్ సర్వేలో అదే మాట చెప్పేవాళ్ళు నూటికి 20 పైనే. మిగతావాళ్ళంతా ఎక్కడున్నారు? మంజీర గారిలాగే ఎవరు ఏ పక్క నిలబడ్డారా అని చూసుకుంటూ వార్డుల్లో ఉన్నారు.

నల్లరేగడి
వాళ్ళు దాచడానికి కారణం సదరం కాదు, భయం. తెల్లవాళ్ళు కూడా దాస్తున్నారు కదా. వాళ్ళకు సదరం అంటే ఏమిటో తెలియదు.

రేణిగుంట జంక్షన్
ఒప్పుకుంటాను. కానీ మనవాళ్ళకు రెండూ ఉన్నాయి.

బ్యాండ్ ఏడు
చదువుతూ ఊరుకోలేక రాస్తున్నాను. నేను వార్డు మేనేజరును. తెలుగుదాన్నే, తిట్టే ముందు పూర్తిగా చదవండి.

నా టేబుల్ మీదికి ఒక డేటిక్స్ వస్తుంది: నోటి ద్వారా ఇవ్వకూడని రోగికి టీ పోయబోయారు. ఆ నర్సు హ్యాండోవర్‌లో ఏమీ అడగదు, అన్నిటికీ తల ఊపుతుంది. ఫోను ఎత్తదు. ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే పలకదు. ఇవన్నీ చూసిన పై మేట్రన్ 'ఏం చేస్తున్నావు?' అని నన్ను అడుగుతుంది. ఆ నర్సు చెవి సంగతి చెప్పకపోతే నాకు కనిపించేది భాషే. మంజీర గారి మేనేజరు దుర్మార్గురాలని నేను అనను.

అయితే ఒక తప్పు చేసింది. క్యాపబిలిటీ అనే మాట ఎత్తే ముందు 'నీ ఆరోగ్యానికి సంబంధించి నేను తెలుసుకోవలసింది ఏమైనా ఉందా?' అని ఒక్క ప్రశ్న అడగాలి. ఉద్యోగుల ఆరోగ్యం చూసే ఆక్యుపేషనల్ హెల్త్‌కు పంపాలి. ఆ ప్రశ్న ఎదుట ఉన్నది ఇక్కడి పిల్ల అయితే చటుక్కున గుర్తొస్తుంది. కేరళ, ఫిలిప్పీన్స్, ఆంధ్ర అయితే ముందు ఇంగ్లిషే గుర్తొస్తుంది. అది నా కళ్ళతో చూశాను.

నల్లరేగడి
మీరు ఇప్పుడు చెప్పినదాన్ని బయట వివక్ష అంటారు మేడమ్. 'దుర్మార్గురాలు కాదు' అని మొదలుపెట్టి అక్కడికే వచ్చారు.

బ్యాండ్ ఏడు
వివక్ష కాదని నేను ఎక్కడన్నాను? వివక్ష చేసేవాళ్ళంతా దుర్మార్గులే అయి ఉంటే పని ఎంత సులువయ్యేది. పేర్లు రాసుకుని పంపించేసేవాళ్ళం.

పాత స్టెతస్కోపు
తొంభైల్లో వచ్చినవాణ్ణి, వృద్ధుల వైద్యంలో కన్సల్టెంటుగా చేసి మొన్ననే తప్పుకున్నాను. ఆ విభాగాన్ని నేను ఎంచుకోలేదు, అది నన్ను ఎంచుకుంది. మా ముందు తరం దక్షిణాసియా డాక్టర్లకైతే మరీను. గుండె, ఆపరేషన్లు ఇక్కడివాళ్ళకు. వృద్ధులు, మానసిక రోగులు, గనుల ఊళ్ళలో జీపీ (కుటుంబ వైద్యుడి) పని మనవాళ్ళకు. ఎవరూ బోర్డు పెట్టలేదు. దరఖాస్తులు తిరిగి వచ్చేవి, అంతే.

లెక్కలు తీయడం వల్ల ఏం ఒరిగిందని నల్లరేగడి గారి లోపలి మాట. నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. లండన్‌లోని సెయింట్ జార్జ్ వైద్య కళాశాలలో ప్రవేశ దరఖాస్తులను వడపోయడానికి ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాసుకున్నారు. అంతకుముందు మనుషులు ఎలా ఎంపిక చేసేవాళ్ళో దాన్నే అనుకరించేలా రాశారు. 1988లో జాతి సమానత్వ కమిషన్ తేల్చింది ఏమిటంటే, యూరోపియన్‌గా కనిపించని పేరు ఉంటే ఆ ప్రోగ్రాం మార్కులు తగ్గించేది. ఆడపిల్లలకూ తగ్గించేది. విడ్డూరం ఏమిటంటే లండన్‌లోని చాలా కళాశాలలకంటే అక్కడే తెల్లవారు కాని విద్యార్థులు ఎక్కువ. మిగతావాళ్ళు ఎందుకు దొరకలేదు? వాళ్ళ పక్షపాతం ప్రొఫెసర్ల బుర్రల్లో ఉంది, కాగితం మీద లేదు. వీళ్ళది రాసి ఉంది కాబట్టి దొరికింది.

2015లో డబ్ల్యూఆర్‌ఈఎస్ వచ్చినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ప్రతి ట్రస్టూ (ఆసుపత్రుల్ని నడిపే సంస్థ) తొమ్మిది సూచికల మీద లెక్క చెప్పాలి. ఎవరిని తీసుకున్నారు, ఎవరిని క్రమశిక్షణ చర్యకు లాగారు, ఎవరిని శిక్షణకు పంపారు, బోర్డులో ఎవరున్నారు. 2016లో తెల్లవాళ్ళతో పోలిస్తే మనలాంటివాళ్ళు క్రమశిక్షణ చర్యల్లో ఇరుక్కునే అవకాశం 1.56 రెట్లు ఉండేది. 2023 నాటికి 1.03. అంటే దాదాపు సమానం. ఎలా తగ్గింది? కాగితం పెట్టే ముందు ఇంకొకరు చూసి 'ఇది నిజంగా విచారణ దాకా వెళ్ళవలసిన విషయమేనా?' అని అడిగే పద్ధతి చాలాచోట్ల పెట్టారు. మంజీర గారి ఉత్తరాన్ని ఎవరైనా అలా చూసి ఉంటే అది బయలుదేరేదే కాదు.

నల్లరేగడి
గురువుగారూ, గౌరవంతోనే అంటున్నాను. క్రమశిక్షణ 1.56 నుంచి 1.03కు వచ్చింది సరే. అదే నివేదికల్లో ఉద్యోగాల ఎంపిక 2016లో 1.57, 2023లో 1.59. ఏడేళ్ళలో అంగుళం కదలలేదు. ఉద్యోగుల్లో తెల్లవాళ్ళు కానివాళ్ళు 26.4 శాతం, అగ్రస్థాయి మేనేజర్లలో 11.2. శిక్షించడం తగ్గించారు గానీ కుర్చీ ఇవ్వడం నేర్చుకోలేదు.

పైగా 'క్రమశిక్షణ' లెక్కలోకి రాకుండా 'క్యాపబిలిటీ', 'అనధికారిక సమావేశం', 'క్లాసులకు వెళ్ళు' అనే పేర్లతో అదే పని జరిగితే? జాతి లెక్కలో క్యాపబిలిటీ లేదు. అది వైకల్యం లెక్కలో ఉంది. మంజీర గారు టిక్కు పెట్టలేదు కాబట్టి అందులోనూ రారు. ఆవిడ రెండు పట్టికలకూ కనపడరు.

పాత స్టెతస్కోపు
ఇది మంచి మాట. దీనికి నా దగ్గర జవాబు లేదు.

రేణిగుంట జంక్షన్
చట్టంలోనే ఆ సందు ఉంది. 2010 చట్టంలో 14వ సెక్షన్ రెండు కారణాలు కలిసి జరిగిన వివక్ష గురించి. పార్లమెంటు ఆమోదించింది గానీ ఏ ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు. అందువల్ల ఉద్యోగ వివాదాల ట్రిబ్యునల్‌కు వెళ్తే జాతి వివక్షను విడిగా, వైకల్య వివక్షను విడిగా రుజువు చేయాలి. 'యాస విని చెవిని చూడలేదు' అన్నది ఏ గడిలో వేస్తారు? 2024 జులైలో రాజుగారి ప్రసంగంలో జాతి, వైకల్య సమానత్వ బిల్లు ముసాయిదా తెస్తామని చెప్పారు. 250 మందికి పైగా ఉన్న యజమానులు జాతుల వారీగా, వైకల్యం వారీగా జీతాల తేడా ప్రకటించాలన్నది కూడా అందులోదే.

అవసరం పడకూడదనే కోరుకుంటున్నాను గానీ, గడువు గుర్తుంచుకోండి మంజీర గారూ: ట్రిబ్యునల్‌కు మూడు నెలలకు ఒక రోజు తక్కువ. అంతకుముందే రాజీకి ప్రయత్నించే ప్రభుత్వ సంస్థ ఏకాస్‌కు చెప్పాలి. ఆసుపత్రిలో ఫిర్యాదు నడుస్తోంది కదా అని ఊరుకుంటే గడియారం ఆగదు.

చలికోటు
నేను టిక్కు పెట్టినదాన్ని. రేడియోగ్రాఫర్ని, కీళ్ళవాతం ఉంది. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు. మా మేనేజరు మంచివాడు. ఉదయం షిఫ్టును గంట ఆలస్యంగా మొదలుపెట్టించాడు, బరువైన సీసపు ఏప్రన్‌కు బదులు తేలికది తెప్పించాడు. ఇందులో ఒక్క పైసా ఫిర్యాదు లేదు.

బ్యాండ్ 7కు దరఖాస్తు చేసినప్పుడు చూడాలి. 'డిసేబిలిటీ కాన్ఫిడెంట్' పథకం కింద కనీస అర్హత ఉంటే ఇంటర్వ్యూకు పిలుస్తారు. పిలుస్తారు, పిలుస్తూనే ఉంటారు. నేను ఇంటర్వ్యూలకు వెళ్ళి వెళ్ళి ప్యానెల్ వాళ్ళ పిల్లల పేర్లు కూడా తెలిసిపోయాయి. ఉద్యోగం మాత్రం 'చాలా దగ్గరగా వచ్చారు' దగ్గరే ఆగుతుంది. నల్లరేగడి గారి 1.59 ఇంటర్వ్యూ పిలుపు తరువాత మొదలయ్యే లెక్క. నాకు గుమ్మం దాకా హామీ ఉంది, లోపలికి లేదు.

అయినా టిక్కు తీసేయను. తీసేస్తే ఆ ఏప్రన్ ఎవరిస్తారు?

ఉల్లిపెసరట్టు
అడగనిదే అమ్మైనా పెట్టదు. అడిగితే హెచ్‌ఆర్ ఫారం పెడుతుంది. అయినా మీ మేనేజరుకు చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

మంజీర తీరం
ఉల్లిపెసరట్టు గారూ, ఈ దారంలో ఆ సామెత మీకు ఎలా వచ్చింది?

ఉల్లిపెసరట్టు
క్షమించండి అక్కా. శంఖం వెనక్కి తీసుకున్నాను.

గోదారి గట్టు
రోగుల సంగతి ఎవరూ ఎత్తరేమిటి? 'తెల్ల నర్సును పంపండి' అన్నవాళ్ళకు నేను ఎన్ని రాత్రులు మందులు ఇచ్చానో. 2020 ఏప్రిల్ నుంచి జాతి దూషణ చేసే రోగికి అత్యవసరం కాని చికిత్స నిరాకరించవచ్చని నిబంధన ఉంది. రాత్రి రెండు గంటలకు, వార్డులో ఇద్దరం ఉన్నప్పుడు ఎవరు నిరాకరిస్తారు? 2024 ఆగస్టు అల్లర్లప్పుడు సండర్‌ల్యాండులో డ్యూటీకి వెళ్తున్న ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సుల కారు మీద రాళ్ళు వేశారు. ఆ వారం మా వాట్సాప్ గుంపులో 'యూనిఫాం మీద కోటు వేసుకోవాలా, కనపడేలా ఉండాలా' అన్నదే చర్చ.

నిర్వాహకులు
గోదారి గట్టు గారి విషయం పెద్దది, వేరే దారం తెరవండి. ఇక్కడ మంజీర గారి ప్రశ్న మీద ఉందాం.

బ్యాండ్ ఏడు
అయితే పనికొచ్చేది చెబుతాను. మంజీర గారూ, సమావేశానికి 'నాకు ఇబ్బంది ఉంది' అని మాత్రమే కాకుండా 'నాకు ఇవి కావాలి' అని కాగితంతో వెళ్ళండి. మేనేజర్లకు సమస్య ఇస్తే భయపడతారు, జాబితా ఇస్తే సంతకం పెడతారు.

హ్యాండోవర్ వార్డు మధ్యలో కాదు, తలుపు వేసిన గదిలో. చెప్పేవాళ్ళు మీ కుడివైపు, ముఖం కనపడేలా. ముద్రించిన హ్యాండోవర్ షీటు అందరికీ ఇస్తారు, కానీ దానిలో నోటి ద్వారా ఇవ్వకూడనివాళ్ళు, పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళు పాతబడి ఉంటారు. షిఫ్టు మొదలయ్యే ముందు ఎవరో ఒకరు దాన్ని సరిచేయాలని అడగండి. పడక నంబరు ఒక్కటే కాక రోగి పేరు కూడా చెప్పాలి, మీరు తిరిగి చదివి వినిపించాలి. నిజానికి ఇది చెవులు రెండూ ఉన్నవాళ్ళకూ అవసరమే. 15, 16 కలగలపడం ఇంగ్లండులో పుట్టినవాళ్ళ వార్డుల్లోనూ జరుగుతుంది. పారదర్శకమైన మాస్కులు ఉంటాయి, తెప్పించమనండి. శబ్దం పెంచే స్టెతస్కోపు దొరుకుతుంది. ఇక చెవి యంత్రం ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచితం, బ్యాటరీలు కూడా. మీ జీపీ ద్వారా ఆడియాలజీకి వెళ్ళండి. ఇన్నేళ్ళు అక్కడ పనిచేస్తూ మనం అక్కడి వైద్యం చేయించుకోము.

మంజీర తీరం
ఉచితమా? హైదరాబాదులో ఒకసారి ధర అడిగి ఇంటికి వచ్చేశాను.

సదరం క్యూలో
మీరంతా ఇంత బాగా చట్టం తెలిసి ఇంత భయపడుతున్నారు. ఇక్కడ ఎంబీబీఎస్‌లో చేరడానికి 'రెండు చేతులూ సక్రమంగా ఉండాలి' అనే నిబంధనతో ఎంతమంది పిల్లలు ఆగిపోయారో. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, శాతం దాటినంత మాత్రాన తోసేయకూడదు, ఆ విద్యార్థి చదవగలడా లేదా అన్నది బోర్డు చూడాలి అని. అంతవరకు 40 శాతం లేకపోతే రిజర్వేషన్ లేదు, మరీ ఎక్కువ ఉంటే సీటు లేదు. సరిగ్గా కొలత ప్రకారం కుంటాలి.

చలికోటు
ఇక్కడ కొలత లేదు, మొహమాటం ఉంది. మా అమ్మకు ఇప్పటికీ తెలియదు నేను టిక్కు పెట్టానని. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు.

రేణిగుంట జంక్షన్
చలికోటు గారు అసలు కారణం చెప్పారు. ఆ రికార్డు హెచ్‌ఆర్‌లో ఉంటుంది, ఊళ్ళో పెళ్ళిళ్ళ పేరయ్యకు రాదు. కానీ ఒకే ఆసుపత్రిలో నలభైమంది తెలుగువాళ్ళు ఉన్నచోట ఆ నమ్మకం కుదరదు. నా దగ్గరికి వచ్చే మనవాళ్ళు మేనేజరుకు తెలుస్తుందని కాదు, పక్క వార్డు తెలుగు ఆవిడకు తెలుస్తుందని భయపడతారు.

నల్లరేగడి
మంజీర గారూ, నా మొదటి సలహా నా అనుభవం నుంచి వచ్చింది, దాన్ని పూర్తిగా వదులుకోను. డాక్టర్లకు ఇంకో కత్తి ఉంది, డాక్టర్ల రిజిస్ట్రేషన్ చూసే జీఎంసీ. 2019లో వాళ్ళే వేయించిన అధ్యయనంలో, యజమానులు జీఎంసీకి పంపే ఫిర్యాదులు తెల్ల డాక్టర్లతో పోలిస్తే మైనారిటీ డాక్టర్ల మీద రెట్టింపు ఉన్నాయని తేలింది. 2026కల్లా ఈ తేడా తుడిచేస్తామని 2021లో మాట ఇచ్చారు. అలాంటి చోట ఒక డాక్టరు 'నాకు వినపడదు' అని కాగితం మీద రాయడం వేరు. నర్సులకు ఎలా ఉంటుందో రేణిగుంట గారికే తెలియాలి.

రేణిగుంట జంక్షన్
నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ మాట స్పష్టంగానే ఉంది: మంచి ఆరోగ్యం అంటే జబ్బూ వైకల్యమూ లేకపోవడం కాదు, సర్దుబాట్లతోనైనా సరే క్షేమంగా పనిచేయగలగడం. దాచి తప్పు జరిగితేనే అది వాళ్ళ దగ్గరికి వెళ్ళే విషయం అవుతుంది.

మంజీర తీరం
సమావేశం అయింది, అడిగినవాళ్ళ కోసం రాస్తున్నాను. ముందు రోజే ఈమెయిల్ పంపాను. బ్యాండ్ ఏడు గారి జాబితా దాదాపు అలాగే పెట్టాను. యూనియన్ ఆవిడ పక్కన కూర్చుంది, కావాలని నా కుడివైపు. మేనేజరు మొదట చాలాసేపు మాట్లాడలేదు. తరువాత 'మరి నువ్వు ఎప్పుడూ చెప్పలేదేం?' అంది. యూనియన్ ఆవిడ 'మీరు ఎప్పుడైనా అడిగారా?' అంది. హెచ్‌ఆర్ అమ్మాయి ఏదో రాసుకుంది.

క్యాపబిలిటీ నిలిపివేశారు, రద్దు చేయలేదు. ఆక్యుపేషనల్ హెల్త్‌కు పంపారు. హ్యాండోవర్ సిస్టర్ల గదిలోకి మారింది. పారదర్శకమైన మాస్కులు 'ఆర్డరు పెడతాం'. ఫారం గురించి ఒక మాట అడిగారు, రేణిగుంట గారు రాసినట్టే చెప్పాను, ప్రస్తుతానికి వదిలేశారు. ఇంగ్లిషు క్లాసుల మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. 'అది కూడా ఉపయోగపడుతుంది కదా' అన్నారు.

నల్లరేగడి
చూశారా. చెవి ఒప్పుకున్నారు, యాస వదల్లేదు.

రేణిగుంట జంక్షన్
ఆ క్లాసుల ఉత్తరాన్ని వదలకండి. ఏ ఆధారంతో చెప్పారు, ఎవరెవరిని పంపారు, అందులో ఇక్కడ పుట్టినవాళ్ళు ఎందరు అని రాతపూర్వకంగా అడగండి. 'నిలిపివేశాం' అన్నదానికి తేదీ కూడా రాయించుకోండి. మీ ఆసుపత్రి జాతి, వైకల్య నివేదికలు రెండూ వెబ్‌సైట్‌లో ఉంటాయి, తీసి చదవండి. అందులో 'కార్యాచరణ ప్రణాళిక' అని ఒక పేజీ ఉంటుంది. వాళ్ళు రాసుకున్నదాన్నే వాళ్ళకు చదివి వినిపించడం కంటే హాయైన పని ఇంకొకటి లేదు.

పాత స్టెతస్కోపు
ఉద్యోగుల రికార్డులో, అదే ఈఎస్‌ఆర్‌లో, టిక్కు పెట్టారా?

మంజీర తీరం
ఇంకా లేదు డాక్టర్ గారూ. లాగిన్ మరిచిపోయాను, పాస్‌వర్డ్ మార్చడానికి ఐటీకి ఫోను చేయాలి. ఫోను అంటేనే కదా నా గొడవ.

ఉల్లిపెసరట్టు
ఐటీ వాళ్ళు ఎత్తితే గదా మీకు వినపడకపోవడానికి.

కొత్త కోడలు బ్రిస్టల్
డిస్లెక్సియా ఉన్నవాళ్ళకు నర్సుల ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీలో అదనపు సమయం ఇస్తారా? మా చెల్లెలు వచ్చే నెల రాస్తోంది. ఇండియాలో ఎప్పుడూ పరీక్ష చేయించలేదు, అక్షరాలు తారుమారు చేస్తుంది.

రేణిగుంట జంక్షన్
బుక్ చేసేటప్పుడే పరీక్ష కేంద్రానికి సర్దుబాటు కోసం దరఖాస్తు పెట్టాలి, ఆధారం అడుగుతారు. నిర్ధారణ లేదు కాబట్టి నెల రోజుల్లో కష్టం. వేరే దారం తెరవండి, అక్కడ వివరంగా రాస్తాను. ఇప్పుడు నైట్ డ్యూటీకి వెళ్ళాలి.